నూటికి నూటొక్కటి

మా ఆఫీసులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. విదేశీ చదువుల కన్సల్టెన్సీలో కెనడా బల్ల నాది కాబట్టి అందరికీ నేను కెనడా. ఎదుటి బల్ల అమ్మాయి ఆస్ట్రేలియా. చేరిన రోజే నా ముందు కూర్చున్న స్టూడెంటుకి ర్యాంకింగుల లిస్టు చూపించి తనవైపు లాక్కుపోయింది. అప్పట్నుంచీ రెండేళ్లుగా మా మధ్య యుద్ధం, ఒక ప్రింటరు.

అలాంటిది ఒక సోమవారం తనే వచ్చి నా ఎదుట కూర్చుంది.

"కెనడాగారూ, నాకు కెనడా, ఆస్ట్రేలియా రెండు చోట్లా ఎమ్మెస్ సీటొచ్చింది. శుక్రవారంలోగా చెప్పాలి. నా దేశాన్ని నేనే పొగుడుకుంటే ఏం బాగుంటుంది? ర్యాంకింగులు చూసి మీరే నూటికి మార్కులెయ్యండి."

ఈ ఏడు నేనూ చదువుకి కెనడా వెళ్తున్నాను. తను ఆస్ట్రేలియా వెళ్తే ఇక నేను పోట్లాడేదెవరితో?

పరిశోధన, పాఠాలు, ఉద్యోగాలు అన్నీ చూసి నిజాయితీగానే మార్కులు వేశాను. ఆస్ట్రేలియాకి డెబ్భై ఎనిమిది, కెనడాకి అరవై ఒకటి. నా దేశమే నన్ను ముంచింది. అప్పుడు చెయ్యి ఊరుకోలేదు. ఎక్సెల్లో ఇంకో కాలమ్ చేర్చి, దాన్ని దాచేసి, కెనడా గెలిచిందని మురిసిపోయి పంపేశాను.

మర్నాడు ఆ లెక్క ప్రింటు తీసిన కాగితం నా బల్ల మీదికొచ్చింది. కెనడా మొత్తం చుట్టూ ఎర్ర సిరా సున్న.

"మా నాన్న లెక్కల మాస్టారు," అంది. "నూటికి నూటొక్క మార్కులు తెచ్చుకున్న దేశాన్ని ఒకసారి చూడాలని ఉందట."

ఎక్సెల్ పొరపాటేమోనని నసిగాను.

"దాచిన కాలమ్ తెరిచాను. హెడ్డింగ్ చదవనా?"

అక్కర్లేదు, రాసింది నేనే. 'నేను ఉంటానా?' కెనడాకి నలభై, ఆస్ట్రేలియాకి సున్నా.

"ఇది నా చదువండీ," అంది మెల్లగా. తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

"తప్పు చేశాను. అది తీసేస్తే ఆస్ట్రేలియానే. అక్కడికే వెళ్లండి," అన్నాను. "మీరంటే నాకిష్టం. ఆ మాట చెప్పే ధైర్యం లేక లెక్కలో కలిపాను."

కాగితం తీసుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు మా మధ్య ప్రింటరు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున్న నా బల్ల మీద కొత్త కాగితం ఉంది. ఈసారి ఆ కాలమ్ దాచలేదు. కెనడా దగ్గర సున్నా, ఆస్ట్రేలియా దగ్గర నలభై. మొత్తం నూట పద్దెనిమిది. దాని పక్కన ఎర్ర సిరా టిక్కు.

"అక్కడ నీ కోర్సుకీ మంచి ర్యాంకే ఉంది, చూశాను. నీ పేరున అడ్మిషన్ ఫారం నింపాను. ఇష్టమైతే సంతకం పెట్టు," అంది.

రెండేళ్లలో తను నన్ను నువ్వనడం అదే మొదలు. పెన్ను కోసం జేబులన్నీ వెతుక్కున్నాను. అది నా చెవి మీదే ఉంది.

"మరి నూట పద్దెనిమిదికి మాస్టారు టిక్కెలా పెట్టారు?"

"ముప్పయ్యేళ్ల సర్వీసులో తప్పు లెక్కకి టిక్కు పెట్టడం ఇదే మొదటిసారట. నిన్ను ఆదివారం ఇంటికి రమ్మన్నారు. కూడికలు నేర్పుతారట."