ఓరిన్‌కు చెప్పని మాట

మంగళవారం ఉదయం వెల్డా పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తూ కొడుకు వైపు చూసింది. ముప్పై ఆరేళ్ళ ఓరిన్ అప్పుడే కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని దారి చూస్తున్నాడు. పదకొండింటికి మానసిక నిపుణురాలు టెస్ వస్తుంది. ఉద్రేకం వచ్చినప్పుడు తల గోడకేసి బాదుకునే మనిషికి, ఏం కావాలో నోటితో చెప్పడం నేర్పింది ఆమే. నాలుగేళ్ళుగా వస్తోంది.

కాసేపటికి కూతురు మార్లీస్ వచ్చింది. చేతులు తుడుచుకుందామని తువ్వాళ్ళ సొరుగు లాగితే అడుగున మడతపెట్టిన కాగితం కనిపించింది.

"అమ్మా, టెస్ ఇచ్చిన ఫారం కదూ ఇది? నెల్లాళ్ళుగా ఇక్కడ దాచావా?"

"మెల్లగా మాట్లాడవే. వాడు వింటాడు."

లైసెన్సు ఉన్న మానసిక నిపుణులు ఏ సంస్థ కిందా చేరకుండా, వికలాంగుల ఇళ్ళకు సొంతంగా వచ్చి పనిచేయవచ్చని రాష్ట్రంలో కొత్త నియమం వచ్చింది. టెస్ తనను పంపే సంస్థను వదిలేస్తోంది. శుక్రవారంలోగా వెల్డా సంతకం పెడితే ఓరిన్ కోసం ఇకముందూ ఆమే వస్తుంది. లేదంటే సంస్థ ఇంకెవరినో పంపుతుంది.

"సంస్థ అయితే ఒకరు పోయినా ఇంకొకరొస్తారు," అంది వెల్డా. "ఈవిడ ఒక్కతే. రేపు మంచాన పడితే? పెళ్ళి చేసుకుని ఏ అరిజోనాకో పోతే?"

"టెస్‌కి పెళ్ళా! ఆవిడకి ఆ రెండు పిల్లులే ఎక్కువ." మార్లీస్ నవ్వబోయి ఆగింది. "ఆవిడకి ముందు ఐదేళ్ళలో ఏడుగుర్ని పంపారు. వచ్చినవాళ్ళందరికీ వీడి సంగతి పుట్టుక నుంచీ నువ్వే చెప్పుకొచ్చావు. వెళ్ళేటప్పుడు ఒక్కరైనా వీడికి చెప్పారా?"

"నేనే వద్దన్నాను. సెలవు మీద వెళ్ళారనేదాన్ని. నెమ్మదిగా మర్చిపోతాడులే అని."

"మర్చిపోయాడా? ఆ గోడకి ఎన్నిసార్లు మరమ్మతు చేయించావమ్మా?"

వెల్డా తల తిప్పింది. ఓరిన్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అమ్మ సంతకం పెడితే టెస్ మూడు మంగళవారాలు రాదు," అన్నాడు వేళ్ళు చూపిస్తూ. "కాగితాలు అవ్వాలి. నాలుగో మంగళవారం వస్తుంది. నేనడిగాను. చెప్పింది."

కంఠంలో వణుకు లేదు. గోడ వైపు చూడనైనా లేదు.

"నాన్న చెప్పలేదు," అన్నాడు ఓరిన్. "చేపలు పట్టడానికి వెళ్ళాడని నువ్వు చెప్పావు. ఎప్పుడొస్తాడు?"

భర్త పోయి పదకొండేళ్ళయింది. ఆస్పత్రికి గానీ, సమాధి దగ్గరికి గానీ వాణ్ణి తీసుకెళ్ళలేదు ఆమె. ఇన్నేళ్ళూ వాడు మర్చిపోయాడనే అనుకుంది.

పొయ్యి ఆపి, కొడుకు రెండు చేతులూ పట్టుకుంది.

"రాడు బాబూ. నాన్న చచ్చిపోయాడు. గుండె ఆగిపోయింది."

ఓరిన్ ఆమె ముఖంలోకి చూశాడు. "నాకు చెప్పకుండానా?"

"నిన్ను తీసుకురమ్మన్నాడు. నీతో మాట్లాడాలన్నాడు. నేనే తేలేదు. నా తప్పు."

అతని భుజాలు కదిలాయి. గోడ దగ్గరికి వెళ్తాడేమోనని మార్లీస్ ఒక అడుగు ముందుకు వేసింది. ఓరిన్ నేల మీద కూర్చుని ఏడ్చాడు. వెల్డా మోకాళ్ళ నొప్పి ఓర్చుకుంటూ అతని పక్కనే కూర్చుంది.

పదకొండింటికి టెస్ తలుపు తట్టింది. వెల్డా సంతకం పెట్టిన కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"ఇవాళ కాస్త ఎక్కువసేపు ఉండమ్మా," అంది. "వాళ్ళ నాన్న పోయాడని వాడికి ఇప్పుడే చెప్పాను."