కోల్డ్ రూములో కుంపటి

“ఈసారి బాంబు లేదు, తుపాకీ లేదు. ఒక మందు వేడెక్కుతుంది, అంతే!” అన్నాడు చీఫ్, బెలూన్లవాడి వేషానికి మీసం అతికించుకుంటూ.

ఎదురుగా చెమట తుడుచుకుంటున్నవాడు ఏజెంట్ కుంపటి. ఆ మనిషి ఒంటి వేడి అలాంటిది. తడి చొక్కా తొడుక్కుంటే గుమ్మం దాటేలోపు ఇస్త్రీ అయిపోతుందని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు.

“రొమ్ము క్యాన్సర్‌కి కొత్త మందు. ఆసుపత్రిలో ట్రయల్ నడుస్తోంది. అది గెలిస్తే ఒక విదేశీ ముఠా అమ్మే పాత మందు మూలపడుతుంది. అందుకే స్టాకు పాడుచెయ్యాలని చూస్తున్నారు. నువ్వు ఫ్రిజ్ మెకానిక్‌గా వెళ్ళు. లోపల మన మనిషి ఉంది. కోడ్ గుర్తుందిగా?”

“గొడుగు తెచ్చారా అంటుంది. తెచ్చాను, చిల్లు పడింది అనాలి.”

కుంపటికి వేరే ఆర్డరు అక్కర్లేదు. ఆ ట్రయల్లో వాళ్ళక్క కూడా ఉంది. కొందరికి కొత్త మందు, కొందరికి పాతది. ఎవరికి ఏది పడుతోందో డాక్టరుకీ తెలియదు, రోగికీ తెలియదు. “మరి ఎందుకు సంతకం పెట్టావే?” అని అడిగితే అక్క కసిరింది. “పనిచేస్తే చేసిందని తెలియాలి, లేకపోతే లేదని తెలియాలి. నా తర్వాత వచ్చేవాళ్ళకైనా నిజం దొరకాలి కదరా!”

శనివారం మధ్యాహ్నం. మందుల గది చివర ఇనప గోడల కోల్డ్ రూము. దాని ముందు నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ట్రయల్ మానిటర్ బ్యాడ్జి పెట్టుకున్న అందగత్తె.

“గొడుగు తెచ్చారా?”

“తెచ్చాను, చిల్లు పడింది.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వెనక తలుపు ధడాలున మూసుకుంది. బయట గడియ పడింది. లోపలి పిడి మరలతో సహా ఊడదీసి ఉంది.

“అయ్యో, పాపం! రెండువైపులా పనిచేస్తున్నానని చెప్పడం మర్చిపోయాను,” అని కిలకిలా నవ్వింది అందగత్తె. “గదిని చల్లబరిచే మిషన్ ఆపేశాం. సోమవారం పొద్దున మావాడే వచ్చి ఆన్ చేస్తాడు. పాడైన మందే అందరికీ ఎక్కిస్తారు. కొత్త మందు దండగని రిపోర్టు వస్తుంది.”

“ఎనిమిది డిగ్రీలు దాటితే అలారం మోగదూ?”

“అలారానికి తగిలించిన థర్మామీటరు ఐసులో దాచాను. దానికెప్పుడూ చలే!”

కుంపటి చీఫ్ ఇచ్చిన పెన్ను రేడియో తీశాడు. ఆ ఇనప గోడల మధ్య అది ఉత్త పెన్ను. అదీ రాయలేదు. తలుపు అద్దంలోంచి దూరంగా ఫార్మసిస్టు కనిపిస్తోంది. గుద్దాడు, అరిచాడు. మందపాటి తలుపు దాటి చప్పుడు పోలేదు, ఆమె తల తిప్పలేదు. గాలి బరువెక్కింది. అతని ఒంటి సెగకి అరలమీద సీసాలకు అప్పుడే చెమట పట్టింది.

“నువ్వున్నావు చూడు, మా పని ఇంకా తేలిక,” అంది అందగత్తె. “అల్లరి చెయ్యకు. మీ అక్కకి ఏ మందు పడుతోందో చెబుతా.”

 ఎన్ని రాత్రులు కుంపటి అదే అడుగుతూ దొర్లాడో!

“వద్దు. మా అక్కే అడగలేదు, నాకెందుకు?”

అంతలో అద్దం అవతల సెక్యూరిటీ యూనిఫాంలో ఒకడు కనిపించాడు. బయట గడియ వేసిన ఆమె మనిషే. తలుపు తియ్యమని సైగ చేసింది. వాడు చెయ్యి ఊపి టాటా చెప్పి వెళ్ళిపోయాడు. లిప్‌స్టిక్ వెనక పెదాలు పాలిపోయాయి.

“వెధవ! నన్నూ వదిలేశాడు!”

“థర్మామీటరు ఎక్కడ దాచావో చెప్పమ్మా. ఫార్మసిస్టు ఇంటికెళ్ళడానికి హ్యాండ్‌బ్యాగు తీసుకుంటోంది!”

“కింది అర, వెనకాల. కానీ అలారం మోగితే రూలు తెలుసా? ఈ స్టాకంతా పారబోస్తారు. మావాళ్ళే గెలిచినట్టు!”

కుంపటి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్కకి సోమవారం పడాల్సిన మందు! ఆ మరుక్షణమే అక్క కసురు చెవిలో మోగింది. పారబోసిన మందుకి బదులు ఇంకోటి తెప్పించుకోవచ్చు. పాడైంది మంచిదనుకుని ఎక్కిస్తే, ఆ అబద్ధాన్ని ఎవరు కక్కిస్తారు?

ఐసులోంచి థర్మామీటరు లాగి చంకలో పెట్టుకున్నాడు. మామూలు మనిషైతే ఎంతసేపు పట్టేదో! కుంపటి చంక కదా, అంకె పరుగెత్తింది. ఫార్మసిస్టు లైటు ఆర్పడానికి స్విచ్చు మీద వేలు పెట్టింది.

కుయ్యోమని అలారం!

తలుపు తెరుచుకుంది. పారిపోబోయిన సెక్యూరిటీవాణ్ణి గేటు దగ్గర బెలూన్లవాడు దారాలతో చుట్టేసి పట్టుకున్నాడు. అందగత్తె ఈసారి రెండువైపులా పోలీసులతో నడిచింది. ఫార్మసిస్టు మాత్రం కుంపటినే ఉరిమి చూసింది. “చంకలో పెట్టారా? కడిగి ఇవ్వండి!”

కొత్త స్టాకు సోమవారం సాయంత్రానికి వచ్చింది. పొద్దుటి నుంచీ ఆసుపత్రి బల్లమీద కూర్చున్న అక్క, సూది గుచ్చించుకుంటూనే తమ్ముడి వైపు తిరిగింది.

“ఫ్రిజ్ బాగుచెయ్యమని పంపిస్తే అందరి మందూ కాచి పెట్టావటగా! నీకు ఆ ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవడురా?”

గుమ్మంలో బెలూన్లవాడు మీసం సర్దుకుని మెల్లగా జారుకున్నాడు.