పిలుపు పరీక్ష

బిక్షపతి కోళ్లు ఆ రోజు పిలుపు పరీక్షకు వచ్చాయని తెలియగానే కొమురమ్మ పొయ్యి మీది పప్పు దించేసి మరీ సంతకు వచ్చింది. కంచె లోపల అరవై నాటుకోళ్లు నేల కెలుక్కుంటున్నాయి. ప్రతిదాని కాలికీ బెదురుకడియం ఉంది. కోడి గుండె నెమ్మదిగా కొట్టుకుంటే అది పచ్చగా వెలుగుతుంది, అదిరితే ఎర్రగా వెలుగుతుంది. ఆ కడియాలు వచ్చిన నాటి నుంచి పట్నంలో ఎవరూ బెదిరిన కోడి కూర ముట్టడం లేదు. ఆరుబయట ప్రేమగా పెంచామని నోటితో చెబితే చెల్లదు. పెంచిన మనిషి అందరి ఎదుటా నిలబడి తన గొంతుతో కోళ్లను పిలవాలి. కడియాలు ఎర్రబడితే మందంతా దహనయంత్రం పాలు, ఆ రైతు మూడేళ్ల దాకా కోడిని అమ్మడానికి లేదు.

ఆ మూడేళ్ల శిక్ష కొమురమ్మ అనుభవించింది. ఆమె పరీక్ష నాటి పొద్దున్నే పక్క చేను బిక్షపతి కుక్కలను ఆమె దొడ్లోకి వదిలాడు. "తాడు తెంపుకొని పోయినయక్కా," అన్నాడు నవ్వు ఆపుకుంటూ. ఆమె కోళ్లు బూడిదయ్యాయి. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఈనాటికీ కడుపు రగిలిపోతుంది.

శిక్షలో ఉన్నవాళ్లు పెద్దకోళ్లను అమ్మకూడదు గాని, పిల్లలను పొదిగించి ఇవ్వడానికి అడ్డులేదు. అంతకుముందు ఒక పరీక్షలో బిక్షపతి సంత మైకులో "బో బో బో" అని పిలిచిన గొంతును ఆమె ఫోనులో పట్టి దాచుకుంది. ఈ మంద గుడ్లలోంచి బయటపడ్డ నాటి నుంచి నలభై రోజులు, అంటే కడియం తొడిగే వయసు దాకా, పొద్దునా సాయంత్రం పిల్లలకు ఆ గొంతు పెట్టి వినిపించింది. వెంటనే కుక్కల అరుపులు పెట్టింది. పిల్లలు మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడి వణికేవి. ఆ తర్వాత దళారి చేత వాటిని బిక్షపతికే చేర్చింది. అతగాడు దొడ్లో అడుగు పెట్టే రకం కాదు. మేతా కాపలా అంతా మేపుమర చూసుకుంటుంది. తన గొంతు వింటే తన కోళ్లకే గుండెలు జారతాయని అతనికెలా తెలుస్తుంది?

"ఇగ పిలువుండ్రి," అంది తనిఖీ అధికారిణి.

బిక్షపతి మీసం దువ్వి మైకు అందుకున్నాడు. "బో బో బో..."

అరవై కడియాలూ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. కోళ్లు కంచెకేసి కొట్టుకున్నాయి. అతను కంగారుగా మళ్లీ పిలిచాడు. ఒకదాని మీద ఒకటి పడి అరిచాయి.

కొమురమ్మకు ప్రాణం లేచివచ్చినట్టయింది. జనాన్ని తోసుకుంటూ కంచె దాకా పోయింది.

"ఏమైంది తమ్మీ? తాడు తెంపుకున్నయా?" అతనికి వినబడాలని గట్టిగానే అడిగింది.

ముందుగా విన్నవి కోళ్లు. రెక్కలు టపటపలాడిస్తూ పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్లకెదురుగా కంచెను ఆనుకున్నాయి. ఒక్కొక్క కడియమే పచ్చబడింది.

బెదిరిన పిల్ల మేత ముట్టదు. ముట్టకపోతే చస్తుంది, చస్తే పగ తీరేదెట్లా? అందుకే కుక్కల అరుపులు ఆపాక రోజూ తానే వాటి మధ్య కూర్చుని, అరచేతిలో నూకలు పోసుకుని, ఏవో కబుర్లు చెబుతూ తినిపించింది. పిల్లలు బతకాలన్న ధ్యాసే తప్ప, అవి తనను గుర్తుపెట్టుకుంటాయన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

అధికారిణి దగ్గరకు వచ్చింది. "ఇవి నీ పెంపకమా అమ్మా? నీవే అని చెప్పు, నీ పేర రాసి వదిలేస్త. కాలబెట్టుడు ఉండదు, ఈయనకు శిక్ష ఉండదు."

కొమురమ్మ బిక్షపతిని చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. మూడేళ్లుగా ఆమె కోరుకున్నది ఆ మొహమే.

"నావి గావు," అంది.

"అట్లనా. నీకైతే బెదురుతలేవు. దహనయంత్రానికి పోవాలె, జర నువ్వే గంపలకెత్తు."

ఆమె వంగి మొదటి కోడిని ఎత్తింది. బిక్షపతి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆమె అన్న తాడు మాట, ఆమె చేతిలో ఒదిగిన కోడి కలిపి చూసుకుంటే అతనికి అర్థమైపోయింది.

"నేను ఒక్క పొద్దే కుక్కల ఇడిసిన అక్కా," అన్నాడు మెల్లగా. "నువ్వెన్ని పొద్దులు ఇడిసినవ్?"

కోడి తల ఆమె చంకలో దూర్చి కళ్లు మూసుకుంది. దాన్ని గంపలో పెట్టి ఇంకోటి ఎత్తింది, తర్వాత మరొకటి. అరవయ్యోదాన్ని పెట్టి మూత వేసేదాకా ఒక్క కడియం కూడా ఎర్రబడలేదు.