తడిసిన కట్టు

మూడో మోకాలికీ చీము పట్టింది.

పొద్దున పదిన్నరకి ఆ కబురు అందగానే భూతద్దం మేడమ్ టీ సగంలో వదిలేసి లేచింది. ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ ఎక్కడ పుట్టినా కూపీ లాగడమే ఆవిడ ఉద్యోగం. ఆ పేరు పెట్టింది కాంటీన్‌లో స్టాఫే. పెట్టినవాళ్ళలో ఒక్కరూ ఆవిడ టేబుల్ దగ్గర కూర్చోరు. తప్పులు వెతికేవాళ్ళ పక్కన కూర్చుంటే ఏం ఒరుగుతుంది, తలనొప్పి తప్ప!

నెలలో ఇది మూడోది. ముగ్గురికీ మోకీలు మార్చారు. కొత్త కీలుకి క్రిమి పట్టిందంటే అది మామూలు పుండు కాదు. జిడ్డులా లోహాన్ని పట్టుకుని వదలదు. ఒక్కోసారి పెట్టిన కీలు మళ్ళీ ఊడదీయాలి.

సూపరింటెండెంట్ అప్పటికే తీర్పు చెప్పేశాడు.

"ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి కట్టు మార్చింది ఒకే నర్సు. ఇంకేం సాక్ష్యం కావాలి? సాయంత్రం ఐదింటికి ఆ అమ్మాయిని తీసేస్తున్నాను."

"థియేటర్ సంగతి?"

"మీరే చూశారుగా!"

చూసింది. గాలి, పరికరాలు, యాంటీబయాటిక్ ఇచ్చిన టైము, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే థియేటర్లో ఆపరేషనైన మిగతావాళ్ళు లేడిపిల్లల్లా తిరుగుతున్నారు.

"ఐదింటిదాకా నాకు వదిలెయ్యండి" అంది మేడమ్.

నర్సు మెట్ల కింద నిలబడి ఏడుస్తోంది. పాతికేళ్ళుంటాయేమో.

"ఏడుపు తర్వాత. చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను మేడమ్."

"గ్లోవ్స్?"

"ప్రతిసారీ కొత్తవే."

"రెండు వారాలు ముట్టుకోవద్దన్న కట్టు ఎందుకు విప్పావ్?"

"తడిసిందని ఫోన్ చేశారండీ. తడిస్తే మార్చాలి కదా."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ. టైలరమ్మగారైతే మూడుసార్లు."

"ఒక్కో ఇంట్లో ఎంతసేపుంటావు?"

నర్సు తల దించుకుంది. "పది నిమిషాలే ఉండమన్నారు. నేను అరగంట... ఆవిడ మాట్లాడుతుంటే లేవబుద్ధి కాదు మేడమ్."

టైలరమ్మే ఆ మూడో పేషెంటు. ఆవిడ కాలి నుంచి తీసిన ఆఖరి కట్టుని నర్సు కవర్లో సీల్ చేసి ల్యాబ్‌కి పంపింది. ల్యాబ్‌వాళ్ళు క్రిమి పేరు కనిపెట్టారు గానీ, కట్టుని తేరిపార చూసినవాడు లేడు. మేడమ్ కిటికీ దగ్గర వెలుగులో పట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మూడో వార్డుకి వెళ్ళింది.

టైలరమ్మ జ్వరంతో మూలుగుతోంది. డెబ్బై దాటిన మనిషి. నా అన్నవాళ్ళు లేరు.

"మీ ఇల్లొకసారి చూడాలమ్మా."

"చూడు తల్లీ. వచ్చేటప్పుడు కళ్ళజోడు తెచ్చిపెట్టు."

మూడో అంతస్తు. పక్క వాటాల తలుపులన్నీ మూసే ఉన్నాయి. లోపల కుట్టుమిషను మీద దుమ్ము, బీరువా మీద దుమ్ము. మంచానికి ఎదురుగా వేసిన కుర్చీ మాత్రం అద్దంలా మెరుస్తోంది. దాని మీద కొత్తగా కుట్టిన దిండు. మేడమ్ అందులో కూర్చుంది. ఆ నిశ్శబ్దం ఆవిడకి బాగా తెలుసు. రోజూ డ్యూటీ దిగి తాళం తీయగానే ఎదురొచ్చేది అదే.

ఐదింటికి టైలరమ్మ మంచం చుట్టూ నలుగురు చేరారు. సూపరింటెండెంట్, సర్జన్, నర్సు, మేడమ్.

"ఈ కట్టు నానిపోయింది. కానీ మరకేదీ?" అంది మేడమ్. "గాయం కారితే ఎరుపో పసుపో ఉండాలి. ఇవి ఉత్త నీళ్ళు."

"స్నానం చేసుంటారు" అన్నాడు సర్జన్.

"దీని పైపొర ప్లాస్టిక్. స్నానం నీళ్ళు లోపలికి పోవు. ఎవరో అంచు వేలితో లేపి పోశారు. ఆ వేలితో, ఆ నీళ్ళతోనే క్రిమి లోపలికెళ్ళింది."

"ఇంకేం, ఈ అమ్మాయే!" సూపరింటెండెంట్ నర్సు వైపు వేలు చూపించాడు.

"నర్సు వెళ్ళేసరికే కట్టు తడిసుంది సార్. తడిసిందనే పిలిచారు. ఫైళ్ళు చూశాను, జబ్బుపడ్డ ముగ్గురూ ఒంటరివాళ్ళు. ఆపరేషన్‌కి ముందు వ్యాయామం క్లాసులో స్నేహితులయ్యారు. మన రూలేమిటి? కట్టు పొడిగా ఉంటే ఎవరూ వెళ్ళరు. తడిస్తేనే మనిషిని పంపిస్తాం."

సర్జన్ కట్టు అందుకుని అంచు తిప్పి చూశాడు.

"ఆ పిల్లని ఏమీ అనకండి." మంచం మీంచి సన్నగా వినిపించింది. "నేనే పోశాను. గ్లాసులో మంచినీళ్ళే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. మిగతా ఇద్దరికీ ఉపాయం చెప్పిందీ నేనే. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎనిమిది రోజులు నా గొంతు నేనే వినలేదు బాబూ. ఇది వచ్చి, కూర్చుని, తిన్నావా అని అడిగింది."

నర్సు వెక్కివెక్కి ఏడ్చింది. సూపరింటెండెంట్ గొంతు సవరించుకుని, ఉద్యోగం మాట ఇక ఎత్తనన్నాడు. కట్టు పొడిగా ఉన్నవాళ్ళ ఇళ్ళకీ వారానికి రెండుసార్లు మనిషి వెళ్ళాలని మేడమ్ అక్కడికక్కడే ఒప్పించింది. రేపు మోకాలు తెరిచి కడిగి చూస్తానని, కీలు దక్కుతుందో లేదో మాటివ్వలేనని సర్జన్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

అందరూ వెళ్ళాక మేడమ్ కళ్ళజోడు చేతికిచ్చింది.

టైలరమ్మ పెట్టుకుని ఆవిడ మొహంలోకి చూసింది. "ఇంతమందికి తట్టనిది నీకెలా తట్టింది తల్లీ?"

మేడమ్ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"పోయిన నెల ప్లంబర్‌ని పిలిచానమ్మా. కుళాయి కారుతోందని."

"కారిందా?"

"లేదు."

టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎంతసేపున్నాడు?"

"పది నిమిషాలు."

"అయ్యో" అంది టైలరమ్మ. "మా పిల్ల అరగంట కూర్చునేది."