ఆమె తప్పుకున్న ఫైలు

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

దగ్గు విని ఊపిరితిత్తుల జబ్బు పసిగట్టే ఏఐ యాప్ తయారుచేశాడతను. దానికి అనుమతి ఇచ్చే ఆఫీసులో పరీక్షాధికారి ఆమె.

"చిన్నపిల్లల దగ్గు ఎంత వినిపించారు దీనికి?"

"పెద్దవాళ్లది లక్షసార్లు వినిపించానండీ. దగ్గు దగ్గే కదా!"

"అయితే మా అక్క కూతురికి మీ చొక్కా సరిపోవాలే!"

అతనికి ఒళ్లు మండింది. "మీ రూల్స్‌తో కొత్తదేదీ పుట్టనివ్వరు."

"ఎవరన్నారు? ఒక్క ఆసుపత్రిలో, నర్సు పక్కనుండగా ఆర్నెల్లు నడపండి. తప్పులుంటే దిద్దుకోండి. ఆ ట్రయల్‌కి నేనే సిఫార్సు చేస్తాను."

ట్రయల్ పద్ధతి రాసుకోవడానికి ప్రతి మంగళవారం కలిశారు. పోట్లాట కాస్తా వేళాకోళమైంది. ఓ రోజు వానలో గొడుగు ఫైలుకి పట్టి తాము తడిసి ముద్దయ్యారు. ఆమె నవ్వితే అతను చెప్పబోయేది మరిచిపోయేవాడు.

ఐదో మంగళవారం ఆమె కుర్చీలో బట్టతల అధికారి ఉన్నాడు. ఆమె ఫైలు వదులుకుందట, ఆయన మొదటినుంచీ చూడాలట. ఫోన్ చేస్తే, "కొన్నాళ్లు మనం మాట్లాడకూడదండీ" అని మెసేజ్ వచ్చింది. కోపమొస్తే అతనికి ముందూ వెనకా కనిపించదు. ఆమె కావాలనే జాప్యం చేసిందని పైవాళ్లకు ఫిర్యాదు పంపేశాడు. విచారణలో తప్పేమీ తేలకపోయినా ఆమెను దూరంగా బదిలీ చేశారు.

ఆమె రాసిన పద్ధతిలోనే ట్రయల్ జరిగింది. రెండో నెలలో ఓ నాలుగేళ్ల పాప దగ్గు విని యాప్ "మామూలే" అంది. నర్సు నమ్మలేదు. డాక్టర్ని పిలిచింది. న్యుమోనియా! పాప గట్టెక్కింది. అతను పిల్లల దగ్గులు వేలకొద్దీ చేర్చి యాప్‌ను సరిచేశాకే అనుమతి వచ్చింది.

ఆ కాగితం తీసుకోవడానికి వెళితే బట్టతల అధికారి ఫైలు ముందుకు తోశాడు. "ఇప్పుడు చదవొచ్చు బాబూ, పని అయిపోయిందిగా."

అందులో ఆమె చేతిరాత: "దరఖాస్తుదారు అంటే నాకు ఇష్టం కలిగింది. నిబంధన ప్రకారం ఈ ఫైలు నేను చూడకూడదు. తప్పుకుంటున్నాను."

మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాడు. ఎత్తింది.

"తప్పు చేశానండీ. ఇప్పుడే చదివాను. మీరు రాసిన ఆ ఇష్టం... ఇంకా ఉందా?"

"విచారణలో నలుగురు పెద్దమనుషులు అడిగితే ఇష్టమనే చెప్పానండీ. మీతో మొదటిసారి చెప్పాల్సిన మాట, ముక్కూ మొహం తెలియని వాళ్లకి చెప్పాల్సొచ్చింది. మళ్లీ చెప్పే ఓపిక లేదు."

"అయితే నేను చెప్తాను, వినండి."

చెప్పాడు. తడబడుతూ, మధ్యలో ఏడుస్తూ, ఏమీ దాచుకోకుండా చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"బాగా చెప్పారండీ," అంది మెల్లగా. "ఆ ఫిర్యాదు రాయడానికి కూర్చున్న రోజు ఇది చెప్పుంటే, ఇప్పటిదాకా ఎదురుచూస్తూ ఉండేదాన్ని."