బెంగకు గడి లేదు

“టెక్కలిలో ఆ పిల్లల పిచ్చాసుపత్రి మూసీసినారట! గంగమ్మతల్లి మన పరువు నిలబెట్టింది!” అంటూ అత్త ఎర్రమ్మ వీధిలోంచే కేక వేసింది. లోపల కూతురు కుమారికి తల దువ్వుతున్న దాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

పదకొండేళ్ల పిల్ల! తమ్ముడిని అల లాక్కుపోతుంటే ఒడ్డున నిలబడి చూసింది. ఆ రోజు నుంచి నోట మాట లేదు! ఏడాదిపాటు దాలమ్మ ఎక్కని గుడి లేదు, కట్టించని తాయెత్తు లేదు. చివరికి టెక్కలిలో పిల్లల మనసుకు వైద్యం చేసే గదిని సర్కారు తెరిచిందని విని ప్రతి బుధవారం బస్సెక్కింది. అక్కడి కమలకుమారి మేడమ్ బొమ్మలు వేయించింది, మట్టితో ఆడించింది... ఐదో నెలలో కుమారి “అమ్మా” అంది! ఆ ఒక్క మాటకే ఆ తల్లి బస్టాండులో కూలబడి ఏడ్చింది.

అలాంటి చోటు మూసేశారా? కూతురి చెయ్యి పట్టుకుని టెక్కలికి పరుగెత్తింది. మేడమ్ బొమ్మలన్నీ అట్టపెట్టెలో సర్దుతోంది.

“పైనుంచి నిధులు ఆపేశారు దాలమ్మా! ఇలాంటి పిల్లలే లేరని ఇంటింటి సర్వేలో వచ్చిందట. మీ ఊరి నుంచి ఒక్క పేరూ లేదు.”

“నేకపోవడమేటి మేడమ్! నా కూతురు, ఈ గుంట నేదా?”

“సర్వే వాళ్లకి నువ్వేం చెప్పావు?”

దాలమ్మ సర్వే రోజు జరిగింది చెప్పుకొచ్చింది. మతి బాగోలేని పిల్లలున్నారా అని సచివాలయం అమ్మాయి అడిగింది. ఏ తల్లి ఉన్నారంటుంది! “నా గుంటకి మతి సుబ్బరంగా ఉంది. తమ్ముడి మీద బెంగెట్టుకుంది, అంతే” అని తనే చెప్పింది. ఊళ్లో తల్లులందరిదీ అదే మాట. ఆ ఫారంలో బెంగకు గడి లేదు మరి! లేరని రాసుకుని పోయారు.

“మళ్లీ రాయిత్తే తెరుత్తారా?”

“పేర్లు వస్తే పైవాళ్లని అడుగుతాను. కానీ బెంగ అంటే కుదరదమ్మా...”

మర్నాడు సచివాలయంలో పింఛన్ల పని మీద ఊరంతా ఉంది. కుమారిని అత్త దగ్గర వదిలితే తమ్ముడిని మింగేశావని సాధిస్తుందని వెంట తెచ్చుకుంది. ఆ అత్త వెనకాలే వచ్చింది!

“నా కూతురికి... మతి బాగోనేదు” అంది దాలమ్మ ఆ సర్వే అమ్మాయితో మెల్లగా.

“గట్టిగా చెప్పండి, వినబడలేదు.”

“మతి బాగోనేదమ్మా! నా కూతురికి మతి బాగోనేదు!”

“నీ నోరు పడిపోనూ!” అని ఎర్రమ్మ తల బాదుకుంది. జనమంతా అటే చూశారు.

కుమారి తల్లి కొంగు పట్టి లాగింది.

“అమ్మా... నాకు పిచ్చా?”

ఇన్నాళ్లకు పిల్ల నోటి నుంచి పూర్తిగా వచ్చిన మాట! భగవంతుడా, ఆ మాటేనా!

“మాట్లాడుతోంది కదండీ! మరి రాయమంటారా, వద్దా?” అంది ఆ అమ్మాయి విసుగ్గా.

ఏమనాలి? వద్దంటే గది తెరవరు... దాలమ్మ బిడ్డ ముఖం చూడకుండా కళ్లు మూసుకుంది.

“రాయమ్మా.”

వెనక నిలబడ్డ బొడ్డమ్మ కళ్లు తుడుచుకుని, “నా మనవరాలి పేరు కూడా రాసీ” అంది. తరువాత ఇంకో తల్లి... ఇంకో తల్లి...

ఆరు నెలలకు నిధులొచ్చాయి, గది తెరిచారు. కుమారి ఇప్పుడు మేడమ్‌తో మాట్లాడుతుంది, బళ్లో మాట్లాడుతుంది, తిట్టిపోసిన నానమ్మతో కూడా మాట్లాడుతుంది... ఒక్క తల్లితో తప్ప!