నడిమి కాగితం

టక్.

కొంచెం ఆగి, మళ్లీ టక్.

సగం దించిన షట్టర్ వెనక నుంచి వస్తోంది ఆ చప్పుడు. స్టీలు పళ్లెంలో ఇనుప ముక్క పడుతున్న చప్పుడు. ఎస్‌ఐ సుహాసిని బయటే నిలబడి వింది. లోపలికి వెళ్లాలంటే అడుగు పడలేదు. నిన్న ఈ షట్టర్ దింపించింది తనే.

విజయనగరం. ఉదయం 9.10.

ఆ షాపుకు బోర్డు లేదు. బైండింగ్ తులసి అంటే బజారంతటికీ తెలుసు. నిన్న ఆ తులసిని అదే బజారులో జీపెక్కించి, చీకటి పడేదాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టింది సుహాసిని.

ఫిర్యాదు నరసింగరావు గారిది. యాభై ఏళ్ల కిందట ఆయన పేరుతో వచ్చిన కామిక్ పుస్తకానికి ఒకే ఒక్క ప్రతి మిగిలింది. ఈ సాయంత్రం దాన్ని ప్రదర్శనలో పెట్టాలి. మరమ్మతు కోసం తులసి దగ్గర మూడు రోజులుంది. తిరిగి వెళ్లాక అందరి ముందూ తెరిస్తే, నడిమి కాగితం లేదు. పద్నాలుగో పేజీ పక్కన పంతొమ్మిదో పేజీ.

సుహాసిని వంగి లోపలికి వెళ్లింది. తులసి తలెత్తలేదు. ఒళ్లో ఏదో పాత బొమ్మల పుస్తకం. చేతిలో పట్టకారు.

"మళ్లీ తీసికెల్తారేటి మేడం? ఉండండి, అమ్మకి సెప్పొస్తాను."

"లేదు. అడగడానికి వచ్చాను."

"నిన్న అడిగారు గదా. నానూ సెప్పాను గదా. నా సేతికి వచ్చేతలికే ఆ కాగితం నేదు."

"వెంటనే ఎవరికైనా చెప్పావా?"

"పుస్తకం తెచ్చిన గిరిబాబు గారికి సెప్పాను. నవ్వేసి ఎలిపోనాడు."

"పిన్నుల కాళ్లు లేపి, మళ్లీ మడిచిన గుర్తులున్నాయి. నీ దగ్గర పట్టకారు దొరికింది."

"బైండింగ్ సాపులో పట్టకారు కాకపోతే గరిటి దొరుకుతాదా?"

నిన్న ఈ మాటకే సుహాసిని బల్ల గుద్ది కేకలేసింది. ఇవాళ ఆమె చూపు పుస్తకం మీద నిలిచింది. మడిచిన కాగితాలు ఒకదాని ఒళ్లో ఒకటి. వీపు మీద నుంచి దిగిన రెండు పిన్నులు, నడిమి కాగితం మీద కాళ్లు ముడుచుకున్నాయి. తులసి ఒక పిన్ను లాగింది.

టక్.

పిన్ను ఉన్నచోట ఒక గోధుమరంగు తుప్పు గీత. తులసి రెండో పిన్నూ లాగి ఆ కాగితం ఎత్తింది. కిందిదాని మీద గీత లేదు. సన్నని కన్నాలు మాత్రమే.

సుహాసిని బ్యాగులోంచి ఎవిడెన్స్ కవర్ తీసింది. పద్నాలుగో పేజీ తెరిచింది. లెన్స్ పెట్టి చూసింది.

పుస్తకం మూసి మళ్లీ కవర్లో పెట్టింది.

"సాయంత్రం హాలుకు రా, తులసీ. ముద్దాయిగా కాదు."

సాయంత్రం 4.20. ప్రదర్శన హాలు. వేదిక మీద మైకు సిద్ధంగా ఉంది. ఇంకా జనం రాలేదు. సుహాసిని వెనకే తులసి లోపలికి వచ్చింది. ప్రదర్శన ఏర్పాట్లు చూస్తున్న గిరిబాబు పూలదండలు సర్దుతున్నాడు. నరసింగరావు గారు ముందు వరుసలో కూర్చున్నారు, ఒళ్లో సంచీతో.

"దొంగ దొరికినట్టేనా అమ్మా?"

"దొరికినట్టే సార్. ఇన్నాళ్లూ ఈ పుస్తకం ఎక్కడుంది?"

"మా కళింగపట్నంలో. సముద్రం ఎదురుగానే ఇల్లు."

"బీరువా తాళం?"

"నా మొలతాడుకే."

"ఎవరికైనా ఇచ్చారా?"

"ప్రాణం పోయినా ఇవ్వను."

"గిరిబాబు గారూ, కాగితం లేదని తులసి మీతో చెప్పిందా?"

గిరిబాబు చేతిలో దండ జారింది. "సెప్పిందండి. పెద్దాయన్ని అడగడానికి బయమేసింది."

"నిన్న ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది. నేను సరిగ్గా అడిగినా బాగుండేది." సుహాసిని పుస్తకం తెరిచింది. "సార్, పిన్ను కాళ్లు పడుకునేది నడిమి కాగితం మీదే. తుప్పు గీత అక్కడే పడాలి. కాగితం తులసి దగ్గరే పోయి ఉంటే, పద్నాలుగో పేజీ మొన్నమొన్నటిదాకా నడిమిది కాదు. దాని మీద కన్నాలే ఉండాలి. కానీ చూడండి, రెండు పిన్నులకూ రెండు గీతలు, చిక్కగా. నేనూ కళింగపట్నం దాన్నే. ఉప్పుగాలికి గొళ్లేలు తుప్పు పట్టడం చూస్తూ పెరిగాను. మూడు రోజుల్లో పడే గీత కాదు ఇది. ఆ కాగితం పోయి చాలా ఏళ్లయింది. అన్నేళ్లూ తాళం మీ దగ్గరే ఉంది."

 

నరసింగరావు గారి చెయ్యి సంచీలోకి వెళ్లింది. మడిచిన ఒక కాగితం బయటికి వచ్చింది. రెండు పేజీల నిండా ఒకే కెరటం. కెరటం మీద పడవ.

"నిన్న ఆ పిల్లని బెంచీ మీద చూశాను. రాత్రి నిద్ర లేదు. గుట్టుగా మళ్లీ పెట్టేద్దామని తెచ్చాను." "కథ నాది. బొమ్మలన్నీ అప్పట్లో నాతో పనిచేసిన ఒకావిడవి. అట్ట మీద నా పేరొక్కటే వేయించాను. ఆవిడ నోరెత్తలేదు. అచ్చయి వచ్చాక చూస్తే, నడిమి మడతలో, పడవ చెక్క మీద, తన పేరు రాసుకుంది. తెరిచినప్పుడల్లా ఆ పేరు నన్నే చూసేది. తీసేశాను. చింపడానికి మాత్రం చేతులు రాలేదు. ఆవిడ పోయినప్పుడు చూడ్డానికి కూడా వెళ్లలేదు."

"మరి తులసిని ఎందుకన్నారు?"

"మధ్య పేజీలేవని ఎవరో అడిగారు. నోట్లోంచి వచ్చేసింది. మళ్లీ వెనక్కి తీసుకోలేకపోయాను."

సుహాసిని తులసి వైపు తిరిగింది. ఆమె కళ్లలోకి చూడటం కష్టమైంది. అయినా చూసింది.

"ఆయన అన్నారు. నేను నమ్మాను. తప్పు నాది కూడా. నిన్ను జీపెక్కించిన చోటే, రేపు బజారందరి ముందూ ఆ మాట చెబుతాను."

"గట్టిగా సెప్పండి మేడం. మా అమ్మకి సెవుడు."

తులసి ఆ కాగితం అందుకుంది. పిన్నుల కాళ్లు నెమ్మదిగా లేపింది. కాగితాన్ని దాని చోట పెట్టింది. కన్నం మీద కన్నం కూర్చుంది. తర్వాత పుస్తకం తెరిచినట్టే పట్టుకుని ముసలాయన ముందు నిలబడింది.

"పేరు నాను సదవగలను బాబూ. మీరు సెప్పాల."

బయట జనం చెప్పులు విప్పుతున్నారు. నరసింగరావు గారు లేచారు. వేదిక మెట్లెక్కారు. మైకు పట్టుకున్నారు. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు.

మూడోసారి వచ్చింది.

"తాయారు."